ఆరు మరల దాకా

హోయ్ట్ బీస్లీని మూడు గంటలకు అరెస్టు చేస్తానని విట్లాక్ నాతో చెప్పినప్పుడు పన్నెండు నలభై అయింది. మంగళవారం. ఆష్‌ఫర్డ్ స్పీడ్‌వే మధ్యలో, కార్లను తనిఖీ చేసే షెడ్డు ముందు నిలబడి ఉన్నాం.

"మూడే ఎందుకు?" అన్నాను.

"మూడున్నరకి విలేకరులు వస్తున్నారు."

విట్లాక్ రాజధాని నగరం రాలీ నుంచి వచ్చిన రాష్ట్ర దర్యాప్తు అధికారి. స్పీడ్‌వే మా కౌంటీలో ఉంది కాబట్టి కేసు షెరీఫ్ ఆఫీసుది, అంటే నాది. చనిపోయినవాడు వేడ్ క్లోనింగర్ లాంటి పేరున్న డ్రైవరు కాబట్టి విట్లాక్ కూడా వచ్చాడు.

ఆదివారం జరిగింది ఆ సీజన్‌లో ఇరవై ఆరో రేసు. ఇంకా రెండు మిగిలాయి. పాయింట్లలో వేడ్ మొదటివాడు. ఆ ఏడు ఎనిమిది రేసులు గెలిచాడు. మూడు వందల ల్యాపుల రేసులో రెండు వందల పన్నెండో ల్యాపు నడుస్తుండగా, రెండో మలుపులో, అతని 61 నంబరు కారు కుడి ముందు చక్రం ఊడిపోయింది. కారు గోడకు కొట్టుకుంది. ఆస్పత్రికి చేరకముందే వేడ్ పోయాడు.

ఆ చక్రాన్ని చివరిసారి బిగించినవాడు హోయ్ట్. అతనికి ఆ పని నేర్పినవాణ్ణి నేను. పోలీసు ఉద్యోగంలో చేరకముందు ఆరేళ్ళు 61 నంబరుకు టైర్లు మార్చాను. అది విట్లాక్‌కు తెలుసు. తెలియనిది ఒకటుంది.

హోయ్ట్‌ను షెడ్డు పక్క గదిలో కూర్చోబెట్టారు. రాత్రంతా అక్కడే ఉన్నాడు. బల్ల మీద ఎవరో తెచ్చిన బొలోనీ మాంసం శాండ్‌విచ్ పొట్లం విప్పకుండా ఉంది. విట్లాక్ కిటికీ దగ్గర నిలబడి, కోటు జేబులోంచి వేరుశనక్కాయలు తీసి ఒలవడం మొదలుపెట్టాడు. తొక్కలు నేల మీద పడ్డాయి. హోయ్ట్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"అవి బయట తినండి," అన్నాను.

"ఏం?"

"కార్లున్న చోటికి తొక్కతో ఉన్న వేరుశనక్కాయలు తేరు, అపశకునం. ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు."

"జరగాల్సిన చెడు ఆదివారమే జరిగిపోయిందిగా," అని మరోటి ఒలిచాడు.

నేను హోయ్ట్ ఎదురుగా కూర్చున్నాను. "ఎన్ని నట్లు బిగించావ్?"

"ఐదు."

"చూసి చెప్తున్నావా, అలవాటుగా చెప్తున్నావా?"

"చెవితో లెక్కపెట్టా గురూ. నట్టు బిగిసినప్పుడల్లా గాలి రెంచి మోత మారుతుంది. ఐదుసార్లు మారింది. కంటిని నమ్మకురా, చెవిని నమ్ముకో అని చెప్పింది నువ్వేగా?"

"ఆదివారం తీసిన సినిమా రీలులో నీ టైర్ల పని పద్ధెనిమిది పాయింట్ ఆరు సెకన్లు," అన్నాడు విట్లాక్. "ఈ సీజన్‌లో మీ సగటు ఇరవై ఒకటి. ఆ రెండున్నర సెకన్లు ఎక్కడ మిగిల్చావు బాబూ? నేను చెప్పనా? ఒకటో రెండో నట్లు వదిలేశావు."

"వదల్లేదు."

"వచ్చే సీజన్‌కి డెల్మర్ ఫాక్స్ జట్టు నిన్ను రమ్మంది. పాయింట్లలో రెండోవాడు ఫాక్సే. అవునా?"

"పిలిచారు. రానన్నా. వేడ్‌తో చెప్పా కూడా."

"మంచి సాక్షిని పట్టావు. రేపు పూడుస్తున్నారు."

హోయ్ట్ పిడికిళ్ళు బిగుసుకున్నాయి. ఆ చేతుల మీద రెంచి దెబ్బల మచ్చలున్నాయి. నా చేతుల మీదా అలాంటివే ఉన్నాయి.

"బోల్టులు ఎలా ఉన్నాయి హోయ్ట్?" అన్నాను.

గదిలోకి వచ్చాక అతను నన్ను నేరుగా చూడటం అదే మొదటిసారి. "బోల్టులు బోల్టుల్లాగే ఉన్నాయి," అని తల దించుకున్నాడు.

కారులో చూసింది పిట్ గోడ, అంటే రేసు మధ్యలో టైర్లు మార్చే చోటి గోడ, దాటకూడదు. అది కూడా నేను నేర్పిందే.

"ఊడకముందు వేడ్ ఏమన్నా సైగ చేశాడా?"

"రెండొందల ఆరో ల్యాపులో చెయ్యి కిటికీ బయట పెట్టి వేళ్ళాడించాడు. చక్రం వణుకుతోందని. గార్లాండ్ బొటనవేలు ఎత్తాడు, పోనీమని."

గార్లాండ్ టీగ్ ఆ కారు యజమాని. పిట్‌లో అందరికీ పెద్ద కూడా.

"వణుకుతోందంటే పోనీమన్నాడా? ఎందుకు?" అన్నాడు విట్లాక్.

హోయ్ట్ బల్ల అంచు గోకాడు. "రాయిస్ వణుకే, సర్దుకుంటుంది అన్నాడు. మేమూ అదే అనుకున్నాం."

"రాయిస్ వణుకా?" విట్లాక్ నా వైపు తిరిగాడు. "మీ పేరేగా డెప్యూటీ గారూ?"

"అదో పాత మాట సార్," అన్నాడు హోయ్ట్ వెంటనే. "టైరు మార్చాక ముందు చక్రం కాసేపు ఊగుతుంది. తర్వాత ఆగిపోతుంది. రాయిస్ ఉన్నప్పట్నుంచీ అలా అంటాం. అంతే."

నన్ను కాపాడుతున్నాడు. రెండు గంటల్లో బేడీలు పడబోయేది అతనికి.

*

ఒంటిగంట ఇరవైకి షెడ్డులో 61 నంబరు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. కుడి ముందు భాగం లోపలికి నొక్కుకుపోయింది. చక్రాన్ని తగిలించే హబ్బు మాత్రం మిగిలింది. దాని చుట్టూ ఐదు బోల్టులు, ఒక్కటీ విరగలేదు. రేసు మర్నాడు ట్రాక్ ఊడ్చినప్పుడు దొరికిన నాలుగు నట్లు విట్లాక్ కవరులో ఉన్నాయి. ఒకటి తీసి వెలుతురులో పట్టుకున్నాను. లోపలి మరలు, బోల్టుని పట్టుకునే మెలిక గాట్లు, చీరుకుపోయి, సన్నటి తీగలా చుట్టుకుని ఉన్నాయి.

"గోడ దెబ్బకి అలా అయ్యాయి," అన్నాడు విట్లాక్.

"గోడని కొట్టింది కారు. నట్లు కాదు. ఇవి అంతకుముందే ట్రాక్ మీద పడ్డాయి."

"అయితే వదులుగా ఉన్నాయన్నమాట."

"వదులు నట్టు తిరిగి ఊడుతుంది. దాని మరలు చీరవు. బిగించిన నట్టుని లాగితేనే ఇలా చీరుతుంది."

"బిగిస్తే ఎందుకు ఊడింది?"

జవాబు నా చూపుడు వేలి కింద ఉంది. బోల్టు కొన మీద మరలు ఆకురాయితో తీసేసి ఉన్నాయి. కొన నున్నగా ఉంటే నట్టు తడుముకోకుండా జారుతుంది, నాలుగైదు చుట్లలో బిగుస్తుంది. ఒక్కో నట్టుకీ పావు సెకను మిగులుతుంది. ఆ కిటుకు నాదే. నిబంధనలు ఒప్పుకోవు. నా రోజుల్లో నేను మూడు మరలు తీసేవాణ్ణి. దానికే చక్రం కాసేపు ఊగేది. అదే రాయిస్ వణుకు.

గోరుతో లెక్కపెట్టాను. ఆరు పోయాయి. మళ్ళీ లెక్కపెట్టాను. ఆరే. ఆరు తీస్తే నట్టు పట్టుకోడానికి మిగిలేవి మూడు.

సెప్టెంబరులో ఒక గురువారం వేడ్ మా ఇంటికి ఫోన్ చేశాడు. నేను భోజనం ముందు కూర్చున్నాను. నాలుగేళ్ళుగా అతను నన్ను పలకరించలేదు. "ఫాక్స్ వాళ్ళు పిట్‌లో మాకంటే రెండు సెకన్లు ముందుంటున్నారు రాయిస్. ఆ బోల్టుల పని, ఎంతదాకా తీయొచ్చు?" అన్నాడు. అంత పెద్దవాడు నన్ను సలహా అడుగుతున్నాడు. నాకు ముచ్చటేసింది. "నేను మూడు తీసేవాణ్ణి. ఆరు దాకా నడుస్తుందిలే," అన్నాను. ఆరు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. నేనెప్పుడూ ఆరు తీసి చూడలేదు. ఫోను పెట్టేసి, చల్లారిన బీన్సు తిన్నాను.

ఆదివారం సాయంత్రం చక్రం ఊడిందని వినగానే ఆ అంకె గుర్తొచ్చింది. సోమవారం సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను.

"జవాబు చెప్పలేదు మీరు," అన్నాడు విట్లాక్.

"ముందు వేడ్ భార్య లొరీన్ రాసిన ల్యాపుల కార్డు చూడాలి," అని లేచాను. ఆ మాట నిజమే. కానీ నేను లేచింది అందుకు కాదు.

*

ప్రతి కారుకీ ల్యాపుల లెక్క రాయడానికి ఒక మనిషి ఉంటుంది. ఎక్కువగా డ్రైవరు భార్యే. ముగింపు గీత ఎదురుగా ఉన్న చెక్క మెట్ల మీద అందరూ వరసగా కూర్చుంటారు. తన కారు గీత దాటినప్పుడల్లా ఎదురుగా ఉన్న పెద్ద గడియారం చూసి కార్డు మీద గంట, నిమిషం, సెకను వేస్తారు. లొరీన్ క్లోనింగర్ పదకొండేళ్ళుగా వేడ్‌కి రాస్తోంది.

రెండు అయిదుకి ఆమె అక్కడే ఉంది. మెట్లన్నీ ఖాళీ. నల్ల గౌను మీద వేడ్ జాకెట్టు వేసుకుంది. ఒళ్ళో అట్ట, పెన్సిలు.

"ఇక్కడేం చేస్తున్నావ్ లొరీన్?"

"ఇంట్లో పద్నాలుగు మంది వంటలు పట్టుకొచ్చారు. అందరూ ఒకటే చికెన్. ఇంకో గిన్నె మూత తీస్తే అరిచేసేదాన్ని." పిట్ వైపు చూపించింది. "రెండున్నరకి క్లే బయటికొస్తాడు. వాడికి రాస్తా."

క్లే ఆమె తమ్ముడు. వచ్చే ఆదివారం రేసులో అదనపు కారును అతను నడపాలని గార్లాండ్ నిర్ణయించాడు. ఈ రోజు ట్రాక్ మీద పరీక్ష.

"ఆదివారం కార్డు ఇవ్వు."

ఇచ్చింది. పక్కన కూర్చుని ఒక్కో సమయంలోంచి దాని ముందుదాన్ని తీసేస్తూ పోయాను. టైరు మార్చింది నూట ఎనభై ఎనిమిదో ల్యాపులో, వేగం తగ్గించమనే పసుపు జెండా ఉన్నప్పుడు. నూట తొంభై రెండు నుంచి మళ్ళీ రేసు. అక్కణ్ణుంచి ప్రతి ల్యాపూ ముప్పై ఒక్క సెకన్లు. రెండు వందల అయిదు దాకా పద్నాలుగు ల్యాపులు, తేడా లేదు. రెండు వందల ఆరుకి ముప్పై రెండు. ఎనిమిదికి ముప్పై మూడు. పదికి ముప్పై నాలుగు. పదకొండుకి ముప్పై అయిదు.

నట్లు వదిలేసి ఉంటే ఆ చక్రం మూడు ల్యాపులు కూడా నిలిచేది కాదు. ఇది పద్నాలుగు ల్యాపులు నిబ్బరంగా నడిచింది, తర్వాత ఆరు ల్యాపుల్లో కొద్దికొద్దిగా వదిలింది. హోయ్ట్ ఐదూ బిగించాడు. నట్లు పట్టుకున్న ఆ మూడేసి మరలు ఒక్కొక్కటే చీరుకుపోయాయి.

కార్డులో ఇంకో అంకె ఉంది. రెండు వందల పన్నెండు ఎదురుగా సమయం వేసి ఉంది. ఆ ల్యాపు వేడ్ పూర్తి చేయలేదు. తేడా తీశాను. ముప్పై ఒకటి.

"ఇది?"

ఆమె దాని వైపు చూడలేదు. "నేను రాయలేదు రాయిస్. చెయ్యి రాసింది. రెండో మలుపు దగ్గర దుమ్ము లేచింది. నేను గడియారం చూస్తూనే ఉన్నా."

నేను కార్డు మడిచాను. మడవకూడదని గుర్తొచ్చి మళ్ళీ విప్పాను.

"మూడింటికి హోయ్ట్‌ని పట్టుకుపోతారు," అన్నాను. "వేడ్‌ని చంపాడని."

"తెలుసు."

"అతను చంపలేదు."

"తెలుసు," అంది మళ్ళీ. పెన్సిలు చివర కొరికింది. "నేనే దీపం పట్టుకున్నా. మా షెడ్డులో. ఆయన ఆకురాయి పెడుతుంటే నేను మరలు లెక్కపెట్టా. ఆరు రాగానే ఆపమనేదాన్ని. ఇది చెప్తే ఎనిమిది గెలుపులూ కొట్టేస్తారు. పత్రికల్లో మోసగాడు అని వేస్తారు. రేపు ఆయన్ని పూడ్చాలి రాయిస్. ఎల్లుండి చెప్దామనుకున్నా."

"ఆరు అని నీకెవరు చెప్పారు?"

"ఆయనే. ఎవర్నో అడిగానన్నాడు. పేరు చెప్పలేదు."

"నన్నే," అన్నాను.

ఆమె కొట్టలేదు, తిట్టలేదు. కొంచెం పక్కకి జరిగింది. మా ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వచ్చింది.

"పో," అంది. "పోయి హోయ్ట్‌ని విడిపించు. రుజువు కావాలంటే రెండో జత ఉంది. రెండు జతల హబ్బులకి తీశాడు ఆయన. రెండోది గార్లాండ్ గ్యారేజీలో ఎర్ర పెట్టెలో పెట్టాడు."

పిట్‌లో ఇంజన్ మొదలైంది. ఆమె అట్ట మీద కొత్త కార్డు పెట్టుకుంది.

*

రెండు ముప్పై రెండుకి షెడ్డులోకి వెళ్ళేసరికి హోయ్ట్ చేతులకు బేడీలు పడి ఉన్నాయి.

"మూడన్నారు," అన్నాను.

"మీరు కార్డు చూడ్డానికి గంట తీసుకుంటారని నేననుకోలేదు," అన్నాడు విట్లాక్. "గార్లాండ్ టీగ్ వాంగ్మూలం ఇచ్చాడు. బోల్టులు కంపెనీ నుంచి వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయట."

"ఆయనకి తెలియదు. వేడ్ ఎవరికీ చెప్పలేదు. బోల్టులు చూసేది టైర్లు మార్చేవాడు ఒక్కడే."

"గురూ, వద్దు," అన్నాడు హోయ్ట్.

"నువ్వు నోర్ముయ్. ఈ రెండ్రోజులు బాగా మూసుకున్నావ్, ఇంకో రెండు నిమిషాలు మూసుకో."

నిలబడే చెప్పాను. మూడు మరలు, ఆరు మరలు, గురువారం ఫోను, కార్డులో పద్నాలుగు ల్యాపులు, తర్వాత ఆరు. గత మూడు రేసుల్లోనూ హోయ్ట్ పని ఏ ఒక్కసారీ పంతొమ్మిది సెకన్లు దాటలేదని, సగటు కాకుండా అవి విడిగా చూడమని చెప్పాను. విట్లాక్ చేతిలో కాయ ఒలవకుండా ఉండిపోయింది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"అనుమానం ఆదివారం సాయంత్రం నుంచి. తెలిసింది ఒంటిగంట ఇరవైకి."

"రెండు రోజులు."

"అవును."

"ఒక్క ఫోను చేసుంటే ఇతను నిన్న రాత్రి ఇంట్లో పడుకునేవాడు."

"అవును."

విట్లాక్ కాయను జేబులో వేసుకున్నాడు. "మీ గురించి నేనింకో రకంగా అనుకున్నాను డెప్యూటీ గారూ. ఫాక్స్ మిమ్మల్ని కొనేశాడనుకున్నాను. అదే నయం. బ్యాడ్జి మీ షెరీఫ్‌కి ఇవ్వండి, నాకొద్దు. ఆ రెండో జత చూపించండి."

గార్లాండ్ గ్యారేజీ అక్కడికి నలభై గజాలు. మనుషులందరూ పిట్ గోడ దగ్గరున్నారు. ఎర్ర పెట్టె పని బల్ల కింద ఉంది. మూత తీశాను. నూనె గుడ్డ ఉంది. గుడ్డ మీద రెండు గుండ్రటి మరకలున్నాయి. హబ్బుల్లేవు.

"ఎవరు తీశారు?" అన్నాడు విట్లాక్.

హోయ్ట్ బేడీల చేతులతోనే గుడ్డ ఎత్తి చూశాడు. "ఇందులో ఏమున్నాయి గురూ?"

"వేడ్ చెక్కిన రెండో జత."

"రెండో జతా?" అతని మొహం మారింది. "ఒకటే అనుకున్నానే! నన్ను ఇక్కడ కూర్చోబెట్టారు, రాత్రి అదనపు కారు ఎవరు బిగించారు? దాని హబ్బులు పాతవి. గార్లాండ్ కొత్తవి ఎక్కించమని వారం నుంచీ పోరుతున్నాడు. ఇవే ఎక్కించేసి ఉంటారు."

ఆ మాట పూర్తికాకముందే బయట కారు గీత దాటిన మోత వినిపించింది. నిండు వేగం. నేను వాచీ చూశాను. రెండు నలభై ఆరు.

పరిగెత్తాను. పరీక్ష రోజు కాబట్టి జెండా మనిషి లేడు. అతని మంచె దగ్గర జెండాల పెట్టెకి తాళం ఉంది. మెట్ల మీద లొరీన్ లేచి నిలబడింది. నేనెందుకు పరిగెత్తుతున్నానో ఆమెకు తెలియదు. చేతిలో కార్డు ఉంది.

"ఎంత?" అని అరిచాను.

"ముప్పై ఒకటి," అని అరిచింది. "నిన్నటి దాకా పక్కన పెట్టిన కారుకి బానే ఉంది!" కార్డు చూసి గొంతు తగ్గించింది. "ఇప్పుడు దాటింది ముప్పై రెండు."

కారు మళ్ళీ వచ్చింది. ఆమె గడియారం చూసింది, రాసింది, తేడా తీసింది. నా మొహం చూసింది. ఈసారి అరవలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

ముప్పై మూడు.

పిట్ గోడ నాకింకా అరవై గజాలు. హోయ్ట్ నన్ను దాటుకుపోయాడు. బేడీలు పడిన రెండు చేతులూ తల మీదికి ఎత్తి, గార్లాండ్ పేరు పిలుస్తూ, గోడకేసి పరిగెత్తుతున్నాడు. ఇంజన్ మోతలో ఆ పిలుపు నాకే వినిపించలేదు.

నాలుగో మలుపు నుంచి కారు గీత వైపు వస్తోంది. కిటికీలోంచి క్లే చెయ్యి బయటికి వచ్చింది. ఐదు వేళ్ళూ ఆడించాడు.

గార్లాండ్ మాకు వీపు పెట్టి గోడ మీదికి వంగి ఉన్నాడు. పక్కవాడితో ఏదో అని నవ్వాడు. ఏమన్నాడో నాకు వినబడక్కర్లేదు. అందులో ఉన్నది నా పేరే.

బొటనవేలు పైకెత్తి, పోనీమన్నాడు.